మింగిన కొవ్వు ఎటు పోవాలి?

మన ఒంట్లో ఏ కణమూ కొలెస్టరాల్‌ను విరగ్గొట్టలేదు. పిండిపదార్థాన్ని కణాలు కాల్చుకుంటాయి. ప్రోటీన్‌ను ముక్కలు చేసి మళ్లీ వాడుకుంటాయి. మామూలు కొవ్వూ అంతే, అవసరం పడితే ఇంధనమైపోతుంది. కొలెస్టరాల్ సంగతి వేరు. నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న దాని చట్రాన్ని తెంచే ఎంజైములు మనిషికి లేవు. కణం దాన్ని దాచుకోగలదు, లేదా ఇంకొకరి చేతికి అందించగలదు. ఒంట్లోంచి అది బయటపడడానికి ఉన్న పెద్ద దారి కాలేయమే. అక్కణ్ణుంచి పైత్యరసంలో కలిసి, పేగుల్లోకి జారి, మలంతో పోవాలి.

పాడైన కొలెస్టరాల్ రేణువులను మన రోగనిరోధక కణాలు ఎలా మింగుతాయన్న పరిశోధనకు నూరేళ్లు దాటాయి. అందులో ఎక్కువ భాగం మింగే నోటి చుట్టూనే తిరిగింది. ఆ సాహిత్యం చదివినకొద్దీ నా చూపు మాత్రం మరో వైపు పోతోంది. కాలేయంలో, ధమనిలో, ఊపిరితిత్తిలో, మెదడులో మింగుతున్నది ఒకే వంశపు కణం, మాక్రోఫేజ్. అది మింగే సరుకులోనూ పెద్ద తేడా లేదు. అయినా ఒకచోట అది రోజూ జరిగే పారిశుధ్యం, మరోచోట ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. మింగినదానికి ఆ చోట బయటికి దారి ఉందా, లేదా అన్నదాన్ని బట్టే చాలావరకు ఈ తేడా వస్తోందని నా నమ్మకం.

ముందు ఆ రేణువును దగ్గరగా చూద్దాం. కొలెస్టరాల్ నీళ్లలో కరగదు కాబట్టి రక్తంలో ఎల్‌డీఎల్ అనే రేణువుల్లో కూర్చుని ప్రయాణిస్తుంది. రేణువు అడ్డకొలత సుమారు 22 నానోమీటర్లు. లోపల దాదాపు 1,500 కొలెస్టరాల్ ఎస్టర్ అణువులు, వాటిపైన పలుచని ఫాస్ఫోలిపిడ్ పొర, ఆ పొరను చుట్టుకుని ఒకే ఒక్క పొడవాటి ప్రోటీన్ ఉంటాయి. ఆ ప్రోటీన్ పేరు అపోబీ-100, 4,536 అమైనో ఆమ్లాల దండ. దండలో లైసిన్‌లు ఉన్నచోట ధనావేశం ఉంటుంది. కణాల మీదున్న ఎల్‌డీఎల్ గ్రాహకం ఈ ఆవేశాన్ని బట్టే రేణువును గుర్తుపట్టి లోపలికి తీసుకుంటుంది.

రేణువు రక్తంలో తిరుగుతున్నంతసేపూ పెద్దగా పాడవదు. ధమని లోపలి పొర కిందికి దూరి, అక్కడి ప్రోటియోగ్లైకాన్ పోగులకు చిక్కుకున్నప్పుడే చెడుతుంది. పండక్కి చేసిన జంతికల డబ్బాను నెల తర్వాత తెరిస్తే పాత నూనె వాసన గుప్పుమంటుంది. నూనెలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలతో ఆక్సిజన్ కలిసి, అవి ఆల్డిహైడ్‌ల వంటి చిన్న ముక్కలుగా విరిగిపోవడం వల్ల పుట్టే వాసన అది. ధమని గోడలో ఇరుక్కున్న రేణువు పైపొరలోనూ ఇంచుమించు అదే రసాయనం నడుస్తుంది. పుట్టిన ఆల్డిహైడ్‌లు లైసిన్‌లకు అతుక్కుని వాటి ధనావేశాన్ని చెరిపేస్తాయి. ఆ తర్వాత ఎల్‌డీఎల్ గ్రాహకం ఆ రేణువును పోల్చుకోలేదు. పోల్చుకునే కణాలు వేరే ఉన్నాయి.

వాటి ఆనవాలు మొదట గట్టిగా దొరికింది 1913లో. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్, సెమ్యోన్ ఖలాతోవ్ అనే యువ వైద్యులు పొద్దుతిరుగుడు నూనెలో కలిపిన శుద్ధమైన కొలెస్టరాల్‌ను కుందేళ్లకు తినిపించారు. ఆ కుందేళ్ల ధమని గోడల్లో కొవ్వుతో ఉబ్బిన కణాలు కనిపించాయి. అరవయ్యేళ్ల తర్వాత డాలస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఎల్‌డీఎల్ గ్రాహకాన్ని కనిపెట్టాక చిక్కుముడి ఇంకా బిగిసింది. ఆ గ్రాహకం పుట్టుకతోనే పనిచేయని పిల్లలు కొందరుంటారు. వాళ్ల రక్తంలో ఎల్‌డీఎల్ ఆరు రెట్లకు పైగా పేరుకుంటుంది, చిన్నతనంలోనే గుండెపోటు వస్తుంది. గ్రాహకమే లేని ఆ ఒంట్లో మాక్రోఫేజ్‌లు మాత్రం కొవ్వుతో నిండి ఉంటాయి. తలుపు లేని ఇంట్లోకి సరుకు ఎలా చేరింది? పైగా ప్రయోగశాలలో మామూలు ఎల్‌డీఎల్‌ను ఎంత పోసినా మాక్రోఫేజ్‌లు ఉబ్బేవి కావు.

1979లో గోల్డ్‌స్టీన్, హో, సందీప్ బసు, బ్రౌన్ కలిసి ఎల్‌డీఎల్‌కు రసాయనికంగా ఎసిటైల్ గుంపులు తగిలించి, లైసిన్‌ల ధనావేశం పోగొట్టి, మాక్రోఫేజ్‌ల ముందు పెట్టారు. కణాలు దాన్ని ఆబగా మింగేశాయి. అంటే ఇంకో తలుపు ఉందన్నమాట. దానికే తర్వాత స్కావెంజర్ గ్రాహకమని పేరు వచ్చింది. ఎల్‌డీఎల్ గ్రాహకమైతే కణంలో కొలెస్టరాల్ చాలగానే తన సంఖ్య తగ్గించుకుంటుంది. ఈ కొత్త గ్రాహకానికి ఆ లెక్క లేదు. కడుపు నిండినా నోరు మూయదు.

ఎసిటైల్ తగిలించిన ఎల్‌డీఎల్ ఒంట్లో ఎక్కడా దొరకదు, అది ప్రయోగశాల సృష్టి. ఒంట్లో అసలైన సరుకు ఏమిటన్న వెతుకులాటలో లాస్ ఏంజెలెస్‌లో అలన్ ఫోగెల్‌మన్ మలోన్‌డైఆల్డిహైడ్ వైపు వేలు చూపించారు. శాన్ డియెగోలో డేనియల్ స్టైన్‌బర్గ్ బృందం 1981లో మరింత సహజమైన దారి పట్టింది. ఎల్‌డీఎల్‌ను రక్తనాళపు లోపొర కణాలతో కలిపి ఉంచితే చాలు, అది మాక్రోఫేజ్‌లు ఇష్టంగా మింగే రూపానికి మారిపోతోంది. అది ఆక్సీకరణే అని 1984లో తేల్చిన బృందంలో మన దేశం నుంచి వెళ్లిన సంపత్ పార్థసారథి ఉన్నారు. 1990లో తాత్సుహికో కొడామా, మాంటీ క్రీగర్ మొదటి స్కావెంజర్ గ్రాహకపు జన్యువును పట్టుకున్నారు. అది ఎస్ఆర్-ఏ. 1993లో సీడీ36 కూడా ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్‌ను పట్టుకుంటుందని తెలిసింది. 1997లో రక్తనాళపు లోపొర మీద లాక్స్-1 బయటపడింది. జాబితా ఇప్పటికీ పెరుగుతూనే ఉంది, దాన్నంతా ఇక్కడ ఏకరువు పెట్టను.

ప్రాణాల మీదికి తెచ్చే ఇలాంటి నోరు అసలు ఒంట్లో ఎందుకు ఉన్నట్టు? 1997లో హిరోషి సుజుకి తదితరులు ఎస్ఆర్-ఏ లేని ఎలుకలను తయారుచేశారు. వాటి ధమనుల్లో పూడిక తగ్గింది. అవే ఎలుకలు లిస్టీరియా బ్యాక్టీరియాకూ హెర్పిస్ వైరస్‌కూ తేలిగ్గా లొంగిపోయాయి. రెండు ఫలితాలూ ఒకే వ్యాసంలో పక్కపక్కన ఉన్నాయి. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అంతకంటే విలువైన పుటలు అరుదు. ఈ నోళ్లు సూక్ష్మజీవుల కోసం పుట్టినవి. పాడైన కొవ్వు పైపొర వాటికి బ్యాక్టీరియా పైపొరలా కనిపిస్తోంది.

ఇక ఒక్కో అవయవం దగ్గరికి వెళ్దాం. కాలేయంలో రక్తం సన్నటి కాలువల్లో నెమ్మదిగా పారుతుంది. ఆ కాలువల గోడకు కరుచుకుని కూఫర్ కణాలుంటాయి, అవి కాలేయపు సొంత మాక్రోఫేజ్‌లు. 1991లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో థియో వాన్ బెర్కెల్ బృందం ఎలుకల రక్తంలోకి రెండు రకాల ఎల్‌డీఎల్ ఎక్కించి చూసింది. రెండూ కొద్ది నిమిషాల్లోనే కాలేయంలోకి మాయమయ్యాయి. ఎసిటైల్ రకాన్ని ఎక్కువగా తీసుకున్నవి కాలువల గోడ కణాలు. ఆక్సీకరణ చెందినదాన్ని ఎక్కువగా తీసుకున్నవి కూఫర్ కణాలు. పాడైన సరుకులోనూ రకాన్ని బట్టి, చోటును బట్టి గిరాకీ మారుతుందని అప్పుడే తెలిసింది.

రోజూ ఇంత మింగుతున్నా ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో కూఫర్ కణాలు నురగలా ఉబ్బిపోవు. వాటికి కొద్ది మైక్రోమీటర్ల దూరంలోనే కాలేయ కణం, దాని అవతల పైత్యనాళం ఉన్నాయి. మింగినదాన్ని పక్కకు అందిస్తే పని పూర్తవుతుంది. ఆ అందజేతకూ హద్దుంది. మాస్ట్రిక్ట్‌లో రొనిత్ షిరి-స్వెర్డ్‌లోవ్ బృందం కొవ్వు, కొలెస్టరాల్ ఎక్కువున్న మేత పెట్టిన ఎలుకల్లో కూఫర్ కణాల లోపలి జీర్ణ సంచులైన లైసోజోములు కొలెస్టరాల్‌తో ఉబ్బి, కాలేయం వాయడం చూసింది. రక్తకణాల వంశంలోంచి ఎస్ఆర్-ఏ, సీడీ36 తీసేస్తే ఆ వాపు తగ్గింది. మధుమేహంతో, పొట్ట కొవ్వుతో సతమతమవుతున్న మన జనాభాలో కొవ్వు కాలేయం ఇంటింటి మాట అయిపోయిన ఈ రోజుల్లో ఈ పరిశోధన మీద ఇంకా ఎక్కువ చూపు పడాలి.

ప్లీహం కథ చిన్నదే గాని ముచ్చటైనది. అక్కడ మాక్రోఫేజ్‌లతో పాటు ప్రతిదేహాలు కూడా రంగంలో ఉన్నాయి. ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ మీద బయటపడే ఫాస్ఫోకోలిన్ తలలూ న్యుమోకాకస్ బ్యాక్టీరియా గోడ మీది ఫాస్ఫోకోలిన్ తలలూ ఒకటే. 2003లో క్రిస్టోఫ్ బిండర్, జోసెఫ్ విట్జ్‌టమ్ తదితరులు ఎలుకలకు న్యుమోకాకస్‌తో టీకా వేస్తే వాటి ధమనుల్లో పూడిక తగ్గింది. పుట్టిన ప్రతిదేహాలు పాడైన రేణువుకు అతుక్కుని, మాక్రోఫేజ్ నోటికి అందకుండా చేశాయి.

ధమనికి వచ్చేసరికి నెమ్మదించక తప్పదు. ముందు అక్కడ కొవ్వుతో ఉబ్బిన మాక్రోఫేజ్‌ను, అంటే నురగ కణాన్ని, చూడాలి. కణజాలాన్ని మైనంలో పొదిగి, కోసి తయారుచేసిన గాజుపలక మీద నురగ కణం ఖాళీగా కనిపిస్తుంది. మధ్యలోనో ఓ మూలకో నెట్టుకుపోయిన చిన్న కేంద్రకం, చుట్టూ సబ్బు నురగలాంటి తెల్లటి బుడగలు. నిజానికి ఆ బుడగల నిండా కొవ్వు ఉండేది. పలక తయారుచేసేటప్పుడు వాడే ఆల్కహాలు, జైలీన్ ఆ కొవ్వును కడిగేశాయి. మనం నురగ అంటున్నది కొవ్వు పోయిన చోటు. అదే కణజాలాన్ని గడ్డకట్టించి కోసి, ఆయిల్ రెడ్ ఓ రంగు వేస్తే అవే బుడగలు కుంకుమ బొట్లలా ఎర్రగా వెలుగుతాయి. ఆ రెండు పలకలను ఒకదాని తర్వాత ఒకటి చూసినవారికి ఈ కణం ఎంత మోస్తోందో ఇక చెప్పక్కర్లేదు.

ఈ కణం నోరు మూస్తే పూడిక ఆగుతుందా? ఎస్ఆర్-ఏ ఎలుకల ఫలితం, 2000లో మరియా ఫెబ్రాయో సీడీ36 లేని ఎలుకల్లో చూసిన ఫలితం ఆశ పుట్టించాయి. సీసాలో పెంచిన మాక్రోఫేజ్‌ల్లో పాడైన ఎల్‌డీఎల్‌ను తీసుకునే పనిలో 75 నుంచి 90 శాతం ఈ రెండు గ్రాహకాలదేనని 2002లో లెక్క తేలింది. 2005లో క్యాథరిన్ మూర్, మేసన్ ఫ్రీమన్ బృందం అదే ప్రయోగాన్ని మరింత జాగ్రత్తగా మళ్లీ చేస్తే పూడిక తగ్గలేదు. 2009లో రెండు గ్రాహకాలనూ ఒకేసారి తీసేశారు. అప్పుడూ పూడిక పరిమాణం తగ్గలేదు, నురగ కణాలు అలాగే ఉన్నాయి. పూడిక లోపలి చచ్చిన కణాల గుజ్జూ, వాపూ మాత్రం తగ్గాయి.

దీనికి కారణాలు ఒకటొకటిగా తేలుతున్నాయి. మాక్రోఫేజ్ గ్రాహకం లేకుండా కూడా తాగగలదు. హోవర్డ్ క్రూత్ చూపించినట్టు, ద్రవాన్ని గుక్కలు గుక్కలుగా మింగే పద్ధతిలో మామూలు ఎల్‌డీఎల్‌తోనే ఉబ్బిపోగలదు. గోడలో ఒకదానికొకటి అంటుకుని ముద్దలైన రేణువులు నోట పట్టనంత పెద్దవైతే, కణం వాటి మీద వాలి, ఆమ్లాన్నీ ఎంజైములనూ బయటికే కక్కి అక్కడే జీర్ణం చేస్తుందని న్యూయార్క్‌లో ఫ్రెడ్ మాక్స్‌ఫీల్డ్ చూపించారు. పైగా నురగ కణాలన్నీ మాక్రోఫేజ్‌లు కూడా కావు. 2014లో గోర్డన్ ఫ్రాన్సిస్ బృందం మనుషుల గుండె ధమనులను పరీక్షిస్తే నురగ కణాల్లో సగం వరకు నున్నని కండర కణాల నుంచి వచ్చినవని తేలింది. కొలెస్టరాల్‌ను బయటికి నెట్టే పంపు ఏబీసీఏ1 ఆ కండర కణాల్లో తక్కువగా ఉంది.

ఆ పంపు విలువ నేర్పిన ఊరు అమెరికాలోని చెసపీక్ అఖాతంలో ఉంది. టాంజియర్ అనే ఆ చిన్న ద్వీపంలో ఓ పిల్లవాడికి టాన్సిల్స్ తీసినప్పుడు అవి నారింజ రంగులో ఉన్నాయి. డొనాల్డ్ ఫ్రెడ్రిక్సన్ 1961లో ఆ జబ్బును వర్ణించారు. కణాలు బయటికి నెట్టిన కొలెస్టరాల్‌ను కాలేయానికి మోసే హెచ్‌డీఎల్ రేణువులు రక్తంలో దాదాపు లేవు. టాన్సిల్స్‌లో, ప్లీహంలో, కాలేయంలో మాక్రోఫేజ్‌లు కొలెస్టరాల్‌తో కిక్కిరిసి ఉన్నాయి. ఆ జబ్బున్నవారి మాక్రోఫేజ్ నోరు మామూలుగానే ఉంది. చెడింది ఏబీసీఏ1 అని 1999లో తెలిసింది. టాన్సిల్స్ నిండా మాక్రోఫేజ్‌లుంటాయి కాబట్టే రంగు మొదట అక్కడ బయటపడింది.

మా పెద్దమ్మ కనురెప్పల మీద, ముక్కు వైపు మూలల్లో, శనగపిండి అద్దినట్టు రెండు లేత పసుపు మచ్చలుండేవి. ముఖం కడిగినప్పుడల్లా గోటితో గీకేది. అవీ నురగ కణాలే, చర్మం కింద గుమిగూడిన మాక్రోఫేజ్‌లు. ఆ మచ్చలున్నవారిలో దాదాపు సగం మందికి రక్తంలో కొలెస్టరాల్ మామూలుగానే ఉంటుంది. కంటికి కనిపించే చోట ఉన్నా ఆ కణాలు ఎందుకు అక్కడే చిక్కుకుంటాయో వాటిని అడిగి తెలుసుకోలేం. మడమ వెనక స్నాయుబంధనం మీద గడ్డలు కడితే మాత్రం రక్త పరీక్ష వెంటనే చేయించాలి. అది పుట్టుకతో వచ్చిన అధిక కొలెస్టరాల్ లక్షణం.

ఊపిరితిత్తి గాలి గదుల్లోని మాక్రోఫేజ్‌లకు అందేది ఎల్‌డీఎల్ కాదు, గాలి గది ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్. అందులో ఫాస్ఫోలిపిడ్‌లతో పాటు కొలెస్టరాల్ కూడా ఉంటుంది, పాతబడినదాన్ని ఈ కణాలే ఎత్తిపోయాలి. వాటికి జీఎమ్-సీఎస్ఎఫ్ అనే సంకేతం అందకపోతే ఎత్తిపోత ఆగిపోతుంది. సొంత ప్రతిదేహాలే ఆ సంకేతాన్ని అడ్డుకునే అరుదైన జబ్బులో రోగి ఊపిరితిత్తిని ఉప్పునీటితో కడుగుతారు. వరుసగా పెట్టిన సీసాల్లోకి వచ్చే నీరు మొదట చిక్కటి పాలలా ఉండి, సీసా మారేకొద్దీ పలుచబడుతుంది. ఆ పాలలోని మాక్రోఫేజ్‌లన్నీ నురగ కణాలే. వాటిలో ఏబీసీజీ1 అనే బయటికి నెట్టే పంపు తగ్గి ఉంటుంది. అందుకే ఈ జబ్బుకు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులను పరీక్షించారు, కొందరిలో మేలు కనిపించింది.

అదే ఊపిరితిత్తిలో క్షయ కూడా ఉంది. క్షయ గడ్డల్లోనూ నురగ కణాలుంటాయి. మనిషి చేయలేని పని ఆ బ్యాక్టీరియా చేస్తుంది, కొలెస్టరాల్ వలయాలను తెంచి తినగలదు. ఎక్కువ కాలం ఒంట్లో నిలవడానికి అది ఈ తిండి మీద ఆధారపడుతుందని 2008లో అమిత్ పాండే, క్రిస్టఫర్ ససెట్టి చూపించారు. అయితే క్షయ గడ్డ నురగ కణాల్లో నిల్వ ఉన్నది ప్రధానంగా ట్రైగ్లిసరైడ్‌లని 2018లో మరో బృందం తేల్చింది. గాజుపలక మీద ఒకేలా కనిపించినా ధమని నురగ, క్షయ నురగ ఒకటి కావు. మన దేశపు జబ్బు మీద, మన కణజాలాల మీద ఇలాంటి పని ఇక్కడే జరగాలని కోరుకుంటాను.

మెదడు ఒంటి బరువులో 2 శాతమే గాని, ఒంట్లోని కొలెస్టరాల్‌లో 20 శాతానికి పైగా దానిలోనే ఉంది. ఎక్కువ భాగం నరాల తొడుగైన మయలిన్‌లోది. రక్తంలోని ఎల్‌డీఎల్ లోపలికి రాదు, కాలేయం పక్కన లేదు. మయలిన్ చిరిగితే ఆ ముక్కలను మెదడు సొంత మాక్రోఫేజ్‌లైన మైక్రోగ్లియా ఎత్తాలి. 2018లో మ్యూనిక్‌లో మికాయెల్ సైమన్స్ బృందం ముసలి ఎలుకల్లో ఈ కణాలు మయలిన్ మింగి, బయటికి పంపలేక, లోపల కొలెస్టరాల్ స్ఫటికాలు కట్టడం చూసింది. కొత్త తొడుగు వేయడం ఆగిపోయింది. బయటికి పంపే జన్యువులను మేల్కొలిపే మందు ఇస్తే తొడుగు మళ్లీ వేసుకుంది. మైక్రోగ్లియా మీది ట్రెమ్2 గ్రాహకం లోపిస్తే కూడా మయలిన్ తిన్న కణంలో కొలెస్టరాల్ ఎస్టర్లు పేరుకుంటాయి. ట్రెమ్2లో ఒక మార్పు అల్జైమర్స్ ముప్పును పెంచుతుందని 2013 నుంచి తెలుసు. విచిత్రంగా, 2018లో ధమని పూడికలోని కణాలను ఒక్కొక్కటిగా చదివినప్పుడు నురగ మాక్రోఫేజ్‌ల మీద కనిపించిన గుర్తు కూడా ట్రెమ్2యే. అంతకన్నా విచిత్రం, వాపును రగిల్చే జన్యువులు ఆ నురగ కణాల్లో తక్కువగా పలుకుతున్నాయి. రగిలిస్తున్నవి వాటి పక్కనున్న, నురగ పట్టని మాక్రోఫేజ్‌లు. మోయగలిగినంత కాలం నురగ కణం నిశ్శబ్దంగానే మోస్తుంది. స్ఫటికాలు కట్టినప్పుడో, చచ్చి పగిలినప్పుడో మంట మొదలవుతుంది.

చికిత్సల చరిత్ర చూస్తే నా వాదానికి బలమూ ఉంది, దెబ్బా ఉంది. ఆక్సీకరణను ఆపుదామని ఇచ్చిన విటమిన్-ఇ 2000లో వెలువడిన హోప్ పరీక్షలో 9,541 మందిలో ఏ మేలూ చూపలేదు. కణంలో కొలెస్టరాల్‌ను ఎస్టర్‌గా దాచే ఎంజైమును అడ్డుకునే పాక్టిమైబ్ కూడా 2006లో విఫలమైంది. దాచుకునే గది మూసేస్తే విడి కొలెస్టరాల్ కణానికే విషమవుతుంది. వాపును అడ్డుకున్న కాంటోస్ పరీక్ష 2017లో 10,061 మందిలో గుండెపోట్లను కొంత తగ్గించింది, దాంతోపాటు ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. బయటి దారిని వెడల్పు చేద్దామని హెచ్‌డీఎల్ ముఖ్య ప్రోటీన్‌ను నరంలోకి ఎక్కించిన పరీక్ష 2024లో ముగిసింది. 18,219 మంది రోగుల్లో 90 రోజుల లక్ష్యం నెరవేరలేదు. ఆ ఫలితం చదివిన రోజు నాకు కష్టంగా అనిపించింది. గుండెపోటు వచ్చిన వెంటనే నాలుగు వారాలు దారి తెరవడం చాలదేమో, గోడలో దశాబ్దాలుగా పేరుకున్నది అంత తొందరగా కదలదేమో.

నిలబడిన చికిత్స ఒక్కటే, గోడలోకి చేరే రేణువులనే తగ్గించడం. అకిరా ఎండో 1970ల్లో బూజు నుంచి తీసిన స్టాటిన్ వంశపు మందు 1994 నాటి పరీక్షలో 4,444 మందిలో మరణాలను 30 శాతం తగ్గించింది. మనకు గుండెజబ్బు దూరపు వార్త కాదు. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను లెక్కగట్టి 2006లో వెలువరించిన అధ్యయనంలో, గుండె, రక్తనాళాల జబ్బులవి దాదాపు మూడో వంతు.

రేణువులు తగ్గితే గోడలోని నురగ కణాలు ఏమవుతాయి? న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ ఫిషర్ బృందం పూడిక పట్టిన ఎలుక మహాధమని ముక్కను కోసి, కొలెస్టరాల్ మామూలుగా ఉన్న మరో ఎలుకకు అతికించింది. మూడు రోజుల్లో నురగ కణాలు బాగా తగ్గాయి. కొన్ని కణాలు లేచి లింఫ్ గ్రంథులకు నడిచి వెళ్లినట్టు ఆనవాళ్లు దొరికాయి. 2011లో గ్వెండొలిన్ రాండల్ఫ్ బృందం మరో పద్ధతిలో చూస్తే వెళ్లిన కణాలు అంతగా కనిపించలేదు. రక్తంలోంచి, మాక్రోఫేజ్‌లుగా మారే కొత్త మోనోసైట్‌లు రావడం ఆగి, ఉన్నవి మెల్లగా చచ్చి శుభ్రమైపోతున్నాయని వాళ్లు చెప్పారు. రెండు చోట్లా ఖాళీ అయింది అదే గోడ, కొత్త సరుకు దిగడం ఆగిన తర్వాత.